జల చెప్పేవాడు, బావి తవ్వేవాడు

పోయిన నెలలో ఒక ఆదివారం మా అమ్మాయి ఫోను చేసింది. హైదరాబాదు శివార్లలో రెండువందల గజాల స్థలం కొనుక్కుని ఇల్లు మొదలుపెడుతున్నారు వాళ్ళు. ప్లాను అయింది, బ్యాంకు అప్పు అయింది, శంకుస్థాపన కూడా అయింది. "అమ్మా, ఇంటి పనికైనా నీళ్ళు కావాలి కదా, ముందు బోరు వేయించమంటున్నాడు మేస్త్రీ. నమ్మకమైనవాడెవరైనా నీకు తెలుసా?" అంది.

పాలు పోసేవాణ్ణి గురించో, చీరకు ఫాల్ కుట్టేవాణ్ణి గురించో, పెళ్ళిలో నాలుగువందల మందికి వండే వంటవాణ్ణి గురించో అడిగితే ఇట్టే చెప్పేదాన్ని. బోరు వేసేవాడి దగ్గరికొచ్చేసరికి తడుముకున్నాను. వంటవాడి పనితనం పప్పు నోట్లో వేసుకుంటే తెలిసిపోతుంది. బోరు వేసేవాడి పనితనమంతా భూమి లోపల మూడువందల అడుగుల చీకట్లో ఉంటుంది. ఎవరు చూడొచ్చారు?

"కనుక్కుని చెబుతాలే" అని ఫోను పెట్టేశాను. పెట్టేశాక నవ్వొచ్చింది. ఇది మా అమ్మాయి ఒక్కదాని ప్రశ్న కాదు కదా! కనీసం పదిహేనువందల ఏళ్ళుగా ఈ దేశంలో ఇల్లాలూ, ఊరిపెద్దా, రాజూ, రాణీ కూడా అడుగుతూ వచ్చిన ప్రశ్నే ఇది. నీళ్ళెక్కడున్నాయో చెప్పేవాడెవరు? ఆ నీళ్ళను పైకి తెచ్చేవాడెవరు? వాళ్ళ మాట నమ్మడం ఎలా?

వరాహమిహిరుడి పేరు మీరు వినే ఉంటారు. 6వ శతాబ్దంలో ఉజ్జయినిలో ఉండిన మహాపండితుడు. ఆయన రాసిన బృహత్సంహితలో గ్రహాల సంగతే కాదు, ఇళ్ళు కట్టడం, తోటలు పెంచడం, రత్నాలు పరీక్షించడం, పరిమళద్రవ్యాలు తయారుచెయ్యడం అన్నీ ఉన్నాయి. అందులో దకార్గళం అని ఒక అధ్యాయం. నేలలో నీటి జాడ కనిపెట్టే విద్య అన్నమాట. నూటికి పైగా శ్లోకాలు దానికే కేటాయించాడాయన.

మనిషి ఒంట్లో నరాలున్నట్టే నేలలోనూ నీటి నరాలున్నాయనీ, కొన్ని పైన, కొన్ని లోతున పారుతుంటాయనీ మొదలుపెడతాడు. ఆ వెంటనే చెప్పిన మాట నాకు మరీ నచ్చింది. ఆకాశం నుంచి పడేటప్పుడు నీళ్ళన్నిటికీ ఒకటే రంగు, ఒకటే రుచి. నేలను బట్టే అవి రకరకాలుగా మారిపోతాయట. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తరవాత అవసరం పడుతుంది.

ఇక గుర్తులు. నేరేడు చెట్టుకు తూర్పున దగ్గర్లో పుట్ట ఉంటే, చెట్టుకు దక్షిణాన రెండు పురుషుల లోతులో తియ్యని నీళ్ళుంటాయంటాడు. పురుషుడంటే ఇక్కడ కొలత. చేతులు పైకెత్తి నిలుచున్న మనిషి ఎత్తు. మన పల్లెల్లో బావి లోతు చెప్పడానికి 'రెండు నిలువులు, మూడు నిలువులు' అనేవారే, అలాంటిది. మేడి, రేగు, వావిలి, మద్ది, ఇలా చెట్టు చెట్టుకూ ఒక లెక్క ఉంది. ఇదంతా తన సొంత కవిత్వం కాదనీ, సారస్వతుడూ మనువూ చెప్పినదనీ పెద్దల పేర్లు కూడా చెబుతాడు.

ఇందులో నిజమెంత అంటారా? చెదపురుగుకు తేమ లేకపోతే బతుకు లేదు. కనక పుట్ట అడుగున ఎంతో కొంత చెమ్మ ఉండడంలో వింత లేదు. తడిని వెతుక్కునే చెట్లూ ఉన్నాయి. కాబట్టి రెండు మూడు నిలువుల బావి వరకూ అది కళ్ళు తెరుచుకుని చూసినవాళ్ళ అనుభవసారమే. మూడువందల అడుగుల కింద రాతిలో ఉన్న పగులు సంగతి పాపం నేరేడు చెట్టుకేం తెలుస్తుంది?

తవ్వేటప్పుడు రాయి అడ్డొస్తే ఏం చెయ్యాలో కూడా చెప్పాడు వరాహమిహిరుడు. మోదుగ, తుమికి కట్టెలు పేర్చి రాయి ఎర్రబడేదాకా కాల్చి, దానిమీద సున్నపునీళ్ళు చల్లితే పగులుతుందన్నాడు. నీళ్ళు కలకగానో, చేదుగానో ఉంటే తుంగముస్తలు, వట్టివేళ్ళు, ఉసిరిక, చిల్లగింజ మొదలైనవి పొడిచేసి బావిలో వెయ్యమన్నాడు. చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే మడ్డి అడుగుకు దిగడం మా అమ్మమ్మ ఇంట్లో నేను చూశాను. ఆ విద్య పుస్తకంలోంచి వంటింట్లోకి వచ్చిందో, వంటింట్లోంచే పుస్తకంలోకి ఎక్కిందో మరి!

ఇక మన తెలుగు నేలకు వద్దాం. కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువుంది. దాని దగ్గర 1369లో వేయించిన శాసనం ఉంది. విజయనగర రాజవంశానికి చెందిన భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. బావికీ చెరువుకూ సంబంధమేమిటని అనుకోకండి. మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఆరున్నర శతాబ్దాల కిందటే రాతిమీద చెక్కించి పెట్టాడాయన.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది ఆ శాసనం. మొదటిది, ధర్మబుద్ధీ ధనమూ ఉన్న రాజు. అంటే ఖర్చు పెట్టేవాడు. రెండవది, పాథశ్శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. పాథస్సంటే నీరు. అంటే జలశాస్త్రం చదువుకున్నవాడు. ఆ తరవాత నేల ఎలా ఉండాలి, నది ఎంత దూరంలో ఉండాలి, రాయి ఎలాంటిది కావాలి అని వరసగా చెప్పుకొచ్చి, చిట్టచివర ఆ పనిలో నేర్పున్న పనివాళ్ళ జట్టు ఉండాలంటుంది. దోషాలూ ఆరు చెప్పింది. కట్టలోంచి నీరు కారడం, చవిటినేల కావడం, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం వగైరా. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా రాయించారు.

చూశారా, ఎంత తెలివిగా విడదీశారో! డబ్బు పెట్టేవాడు ఒకడు, నీటి సంగతి చెప్పేవాడు ఇంకొకడు, పని చేసేవాళ్ళు మరికొందరు. ముగ్గురి అర్హతలూ వేరువేరు. ఇవాళ బోరు ఏజెంటు ఒక్కడే వచ్చి "నీళ్ళు నేనే చూపిస్తాను, బోరూ నేనే వేస్తాను, మోటారూ నేనే దింపుతాను, మీరు డబ్బివ్వండి చాలు" అంటాడు. పోరుమామిళ్ళ శాసనం రాయించినవాళ్ళు వింటే ఏమనేవారో!

ఆడవాళ్ళ సంగతేమిటంటారా? గుజరాతులో పాటణ్ అనే ఊళ్ళో రాణీ కీ వావ్ అని ఒక మెట్లబావి ఉంది. 11వ శతాబ్దంలో ఉదయమతి అనే రాణి, భర్త భీమదేవుడి జ్ఞాపకార్థం కట్టించిందంటారు. ఏడు అంతస్తులుగా దిగే ఆ మెట్లూ, గోడలనిండా శిల్పాలూ చూడడానికి రెండు కళ్ళూ చాలవు. 2014లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చింది. 2018లో వచ్చిన వంగపండురంగు వందరూపాయల నోటు మీ పర్సులో ఉంటే ఒకసారి వెనక్కి తిప్పండి. ఆ బావి బొమ్మే ఉంటుంది.

బావి కట్టించే అధికారం రాణికి ఉంది. మరి మామూలు ఆడదానికి? చేంతాడు లాగి లాగి అరచేతులు కాయలు కాచింది ఆమెకు. నడుంమీద బిందెతో మైళ్ళు నడిచింది ఆమె. కాని బావి ఎక్కడ తవ్వాలన్న మాట వచ్చినప్పుడు అరుగుమీద కూర్చున్నది మగవాళ్ళే. ఆమె తలుపు వెనకనుంచి విన్నది, అంతే.

తవ్విన చేతుల మాటా చెప్పుకోవాలి. మన ఊళ్ళలో బావులు తవ్వినది ఎక్కువగా వడ్డెరలు. గడ్డపారతో మగవాడు తవ్వితే, తట్టకెత్తి మట్టి మోసింది వాళ్ళ ఆడవాళ్ళు. మెత్తటి నేలకు ఒక రేటు, మొరానికి ఒక రేటు, రాయి తగిలితే ఇంకొకటి. అడుగుకు దిగేముందు దీపం కట్టి దింపేవారు. అది ఆరిపోతే లోపల గాలి చెడిందని గుర్తు, ఇక ఎవరూ దిగేవారు కాదు. అన్ని చెడుగాలులనూ దీపం పట్టివ్వదు. అలా పోయిన ప్రాణాలూ ఉన్నాయి. ఒడ్డు విరిగి మట్టి మీదపడి పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ బావుల మీద కట్టించినవాడి పేరు ఉంటుంది గాని, తవ్వినవాడి పేరు ఉండదు.

అయితే ఆ రోజుల్లో ఒక నమ్మకం ఉండేది. తవ్వేవాడు పక్క పేటలోనే ఉండేవాడు. నిలువుకింత అని కూలి పుచ్చుకున్నా, "ఇంకో నిలువు తవ్వుదాం" అన్నాడంటే ఆ నిలువు లోతుకు దిగేది అతని ఒళ్ళే. మెడమీద మట్టిపెళ్ళ పడితే పడేది అతనికే. ఊరికే లోతు పెంచే ఆశ అతనికి ఎందుకుంటుంది? నీళ్ళు పడకపోతే రేపు సంతలో మొహం చూపించాల్సిందీ అతనే. ఏ కాగితమూ లేదు, లైసెన్సూ లేదు. ఊరే అతని లైసెన్సు.

యంత్రం వచ్చి ఇదంతా మార్చేసింది. సన్నటి గొట్టంలా నేలను తొలిచే విద్య కొత్తదేమీ కాదు. చైనాలో సిచువాన్ ప్రాంతంవాళ్ళు ఉప్పునీటి కోసం వెదురునే సాధనంగా చేసుకుని ఎంతో కాలంగా బోర్లు వేశారు. 1835లో అక్కడొక బావి వెయ్యి మీటర్లు దాటింది. కాని మన దక్కను నల్లరాయిని చకచకా తొలిచే యంత్రాలు మనకు పెద్దఎత్తున వచ్చింది 1966-67 బీహారు కరువు తరవాత. అప్పుడు యూనిసెఫ్ సంస్థ గట్టిరాతిని తొలిచే రిగ్గుల్ని మన దేశానికి తెప్పించింది.

వాటి కిటుకు ఏమిటంటే, సుత్తి పైన ఉండదు, బోరు అడుగునే ఉంటుంది. కంప్రెసరు లారీ నుంచి వచ్చే గాలి కడ్డీల గుండా దిగి ఆ సుత్తిని టకటకా కొట్టిస్తుంది. అదే గాలి రాతిపొడిని పైకి ఊదేస్తుంది. మనం పచ్చడిబండతో రోట్లో దంచుతూ ఆ పిండిని ఎప్పటికప్పుడు ఊదేసుకున్నట్టు అన్నమాట. నెలల తరబడి తవ్వే పని గంటల్లోకి వచ్చేసింది. తమిళనాడులో నామక్కల్ దగ్గర తిరుచెంగోడు అనే ఊరు ఈ బోరు లారీలకు పుట్టిల్లయిపోయింది. దేశంలో ఏ మూల రాత్రిపూట బోరు చప్పుడు వినబడినా ఆ ఊరి లారీ అయ్యే అవకాశం ఎక్కువ.

యంత్రాన్ని ఆడిపోసుకోవడం తేలిక. కాని అది ఆడవాళ్ళకు చేసిన మేలు తక్కువ కాదు. మెట్లబావుల అందం గురించి ఇందాక మురిసిపోయాం కదా, ఆ మెట్లమీదనుంచే నీళ్ళలోకి దిగిన మనిషి కాలినుంచి నారికురుపు పక్కవాళ్ళకు అంటుకునేది. కాల్లోంచి బారెడు పురుగు రోజుల తరబడి బయటికి వచ్చే ఆ జబ్బుతో పల్లెలకు పల్లెలు మంచం పట్టేవి. జల్లెడ గుడ్డలు, ఆరోగ్యశాఖవాళ్ళ ప్రచారం, మెట్లబావుల బదులు బోరుపంపులు, అన్నీ కలిసి దాన్ని తరిమేశాయి. 1996లో ఆఖరి రోగి కనిపించాడు. 2000లో మన దేశానికి ఆ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. మొదట్లో వచ్చిన పోత ఇనుము పంపులు ఒక ఇంటివాళ్ళు వాడుకునేందుకు చేసినవి. ఊరంతా కొట్టేసరికి ఇట్టే విరిగిపోయేవి. దానికి విరుగుడుగా 1970లలో మన దేశంలోనే ఇండియా మార్క్ టూ పంపు తయారైంది. ఇప్పటికీ ఊరి మొగలో కీచుమంటూ కనిపించే ఆ పంపే అది.

లాభం చెప్పుకున్నాం. ఇక పోగొట్టుకున్నదేమిటో మా ఇంటి కథతోనే చెబుతాను.

1986 ఎండాకాలం. కరువు రోజులు. మా కాలనీలో కుళాయి రోజు విడిచి రోజు కూడా వచ్చేది కాదు. మా వారు ఎక్కడినుంచో ఒక ఏజెంటును పట్టుకొచ్చారు. అతను జల చెప్పే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పెరడంతా నడిచాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. "రెండించీల జల ఉందమ్మా ఇక్కడ" అన్నాడు. మా అత్తగారు నా చెవిలో "ఆ మూల కాయ నిలబడకపోతే ఎలాగే, మిగతాచోట లారీ పట్టదు కదా" అన్నారు.

రాత్రి తొమ్మిదింటికి రెండు లారీలు వచ్చాయి. ఇల్లంతా తెల్లటి రాతిపొడి. మా వారు, ఏజెంటు, వీధిలో మగవాళ్ళూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మా అత్తగారు మాత్రం వంటింటి గడపమీద కూర్చుని, కడ్డీ దిగినప్పుడల్లా ఒక చింతగింజ పక్కన పెడుతున్నారు. తెల్లారగట్ట "మూడువందల ఇరవై అడుగులయింది" అన్నాడు ఏజెంటు. "పద్నాలుగు కడ్డీలే దిగాయి నాయనా, కడ్డీ ఇరవై అడుగులని నువ్వే చెప్పావుగా" అన్నారు అత్తగారు చింతగింజలు చూపిస్తూ. పద్నాలుగు ఇరవైలు రెండువందల ఎనభై. అతను నసిగి, లెక్క దిద్దుకున్నాడు. కాని నీళ్ళ సంగతికి చింతగింజలేం చేస్తాయి? పొడి పొడిగానే ఉండిపోయింది. "ఇంకో వంద అడుగులు వేద్దాం సార్, తప్పకుండా పడుతుంది" అన్నాడు. అడుగుకింత చొప్పున డబ్బు పుచ్చుకునేవాడు ఆ మాట అనక మరేమంటాడు? తెల్లారేసరికి లారీలు వెళ్ళిపోయాయి. మళ్ళీ వాళ్ళ మొహం మేం చూడలేదు.

బాధ పడాల్సింది అక్కడ కాదు. పైన మట్టి కూలకుండా దింపిన కేసింగు పైపులు వృథా ఎందుకని, వాటినీ పీకించేశారు మా వారు. తప్పు మాదే. వద్దని చెప్పాల్సిన పనివాడు చెప్పలేదు, అంతే. మిగిలింది పెరట్లో ఒక నోరు. దానిమీద గోనెపట్టా కప్పారు. రెండు వానలకు అంచులు విరిగి ఆ నోరు మరింత పెద్దదయింది. ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మాయి, దానికప్పుడు నాలుగేళ్ళు, ఆ పట్టామీద పడ్డ బంతి కోసం వంగి ఉండగా మా అత్తగారు చూశారు. కేక వెయ్యలేదు. వెనకనుంచి వెళ్ళి గభాలున జబ్బ పట్టి ఇవతలికి లాగారు. ఆ సాయంత్రమే, మిక్సీ వచ్చాక మూలపడి ఉన్న పాత రుబ్బురోలును ఇద్దరు మనుషులచేత దొర్లించి ఆ కన్నంమీద పెట్టించారు.

ఆ కొబ్బరికాయ సంగతి తరవాత చదివి తెలుసుకున్నాను. ఇది మన దేశపు పిచ్చి మాత్రమే కాదు. ఐరోపాలో పంగలకర్ర పట్టుకుని తిరిగేవారు. 1556లో అచ్చయిన గనుల పుస్తకంలో అగ్రికోలా అనే జర్మను పండితుడు ఈ కర్ర సంగతి రాసి, తెలివైన పనివాడికి కర్రతో పనిలేదు, నేల గుర్తులు చూస్తే చాలని తేల్చాడు. 1980లలో జర్మనీలోనే మ్యూనిక్ దగ్గర పెద్ద పరీక్ష పెట్టారు. నీటి గొట్టాన్ని అటూ ఇటూ జరుపుతూ, పై అంతస్తులో కర్రపట్టినవాళ్ళను నడిపించి అదెక్కడుందో చెప్పమన్నారు. ఆ అంకెల్ని తరవాత మరో శాస్త్రజ్ఞుడు విడిగా లెక్కగడితే, కళ్ళు మూసుకుని చెప్పినదానికన్నా మెరుగేమీ కనిపించలేదు.

అయితే శాస్త్రం మాటేమిటి? నేలలోకి కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారుతుందో కొలిచి అడుగున ఏముందో ఊహించే పద్ధతి ఒకటుంది. ఫ్రాన్సులో ష్లుంబర్గర్ 1912లో ఆ ప్రయోగాలు మొదలుపెట్టాడు. భూగర్భజల శాస్త్రజ్ఞులు ఇప్పటికీ అదే వాడతారు. అదీ హామీ ఇవ్వదు. మన తెలంగాణ, రాయలసీమల గట్టిరాతిలో నీళ్ళు ఏరులా పారవు. పైన చివికిన మొరంలోనూ, దానికింద రాతి పగుళ్ళలోనూ మాత్రమే ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్ళు తగ్గుతాయి. కనక నేర్పరి అన్నవాడికి ఎక్కడ తవ్వాలో తెలిస్తే చాలదు, ఎక్కడ ఆపాలో తెలియాలి. ఆ 'ఆపండి' అనే మాట, అడుగుకింత పుచ్చుకునేవాడి నోట రావడం కష్టం. అందుకే జల చెప్పేవాడు వేరు, తవ్వేవాడు వేరు కావాలి. పోరుమామిళ్ళవాళ్ళు చెప్పిందే.

లోతు పెరిగితే నీళ్ళు శుభ్రమనుకోవడం ఇంకో భ్రమ. ఇందాక గుర్తుంచుకోమన్న వరాహమిహిరుడి మాట ఇక్కడ చూడండి. వాననీటికి ఒకటే రుచి, మార్చేది నేల. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో పళ్ళు గారపట్టి, నడుములు బిగిసి వంగిపోయిన మనుషుల్ని చూసి, దానికి కారణం నీళ్ళలోని ఫ్లోరైడని వైద్యులు బయటపెట్టారు. మన దేశంలో ఆ జబ్బు గురించి వచ్చిన మొదటి నివేదిక అది. ఆ తరవాత నల్లగొండ పేరు చెబితేనే ఫ్లోరైడు గుర్తుకొచ్చే పరిస్థితి వచ్చింది. పటిక, సున్నం కలిపి ఆ నీటిని బాగుచేసే పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరు. ఫ్లోరైడుకు రుచీ లేదు, రంగూ లేదు. కాచినా పోదు. తియ్యగా ఉన్నాయని పిల్లలకు పోసిన నీళ్ళే పదేళ్ళకు వాళ్ళ ఎముకల్ని పట్టుకోవచ్చు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా పర్వాలేదనీ మన దేశపు ప్రమాణం. అది పరీక్షలోనే తెలుస్తుంది.

ఊరు ఇచ్చే లైసెన్సు పోయింది కనక, సర్కారు లైసెన్సు రావలసి వచ్చింది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాల్టా చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టమది. రిగ్గు నడిపేవాళ్ళు రిజిస్టరు చేయించుకోవాలనీ, బోరుకు ముందుగా అనుమతి పొందాలనీ, ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల మోటారు బావి తవ్వకూడదనీ చెప్పింది. రాష్ట్రం రెండయ్యాక రెండుచోట్లా ఆ చట్టం కొనసాగింది.

2006 జూలైలో హర్యానాలో అయిదేళ్ళ పసివాడు తెరిచి ఉన్న బోరు గుంటలో పడిపోయాడు. దాదాపు రెండు రోజులు దేశమంతా టీవీల ముందు ఊపిరి బిగబట్టి కూర్చుంది. సైన్యంవాళ్ళు పక్కన ఇంకో గొయ్యి తవ్వి వాణ్ణి ప్రాణాలతో తీశారు. ఆ తరవాత పడిన పిల్లలందరికీ ఆ అదృష్టం పట్టలేదు. 2010లో సుప్రీంకోర్టు వివరంగా నియమాలు పెట్టింది. బోరు వేయించే యజమాని పదిహేను రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. తవ్వే సంస్థ రిజిస్టరై ఉండాలి. తవ్వేచోట ఇద్దరి చిరునామాలతో బోర్డు పెట్టాలి. చుట్టూ కంచె వెయ్యాలి. కేసింగు చుట్టూ సిమెంటు దిమ్మె కట్టాలి, పైపుకు గట్టి మూత బిగించాలి. నీళ్ళు పడని బోరును అడుగునుంచి నేలమట్టం దాకా మట్టితో, ఇసుకతో, రాళ్ళతో పూడ్చెయ్యాలి.

ఆ నియమాలు చదువుతుంటే నాకు కోర్టు కనబడలేదు, రుబ్బురోలు కనబడింది.

మర్నాడు మా అమ్మాయికి ఫోను చేశాను. "నాకు ఎవరి పేరూ తెలియదమ్మా. కాని ఎవర్ని పిలిచినా ఏం అడగాలో తెలుసు, రాసుకో" అన్నాను.

ముందు అనుమతి కాగితం. నీళ్ళు చూసే పని భూగర్భజల శాస్త్రం చదివినవాళ్ళచేత వేరే చేయించు, వాళ్ళకు వేరే ఫీజివ్వు. తవ్వేవాడి రిజిస్ట్రేషను చూడు. ఈమధ్య అతను బోరు వేసిన రెండు ఇళ్ళకు వెళ్ళి, మగవాళ్ళను కాదు, ఆ ఇళ్ళ ఆడవాళ్ళను అడుగు. ఎండాకాలం నీళ్ళెలా వస్తున్నాయో, ఇసుక వస్తోందో లేదో వాళ్ళకే తెలుస్తుంది. అడుగు రేటు, లోతు పెరిగితే పెరిగే రేటు, కేసింగు రేటు, అన్నీ పని మొదలుకాకముందే కాగితంమీద రాయించు. కేసింగు గట్టిరాయి తగిలేదాకా దింపమను. అది పొట్టిదయితే పక్కింటి సెప్టిక్ ట్యాంకు నీళ్ళే నీ మోటారులోకి వస్తాయి. ఎన్ని అడుగులకు ఆపాలో ముందే నిర్ణయించుకో. కడ్డీలు లెక్కపెట్టు. నీళ్ళు పడితే తాగేముందు పరీక్ష చేయించు. ఇంటికప్పుమీద పడే వాననీటికి ఒక ఇంకుడుగుంట కట్టించు, భూమినుంచి తీసుకోవడమేనా, ఇచ్చేదేమన్నా ఉండాలిగా. నీళ్ళు పడకపోతే, లారీ కదలకముందే ఆ కన్నం పూడ్పించు. పూడ్చేదాకా ఆఖరి డబ్బు ఇవ్వకు.

అంతా రాసుకుని, "ఇన్ని సంగతులు నీకెలా తెలుసమ్మా?" అంది ఆశ్చర్యంగా.

"మీ నాయనమ్మ చింతగింజలు లెక్కపెట్టింది కదే" అన్నాను.

నవ్వి, "అవునూ, చిన్నప్పుడు మన పెరట్లో మధ్యలో రుబ్బురోలు ఉండేది కదూ? దానిమీద ఎక్కి కూర్చుని జామకాయలు తినేదాన్ని. అసలు అదెందుకు అక్కడుండేది?" అంది.

ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. అవతల కాసేపు మాట వినబడలేదు. తరవాత, "అమ్మా, మా పక్క స్థలంలో కూడా ఒక పాత బోరుంది. గోనెపట్టా కప్పి ఉంది. రేపే వెళ్ళి ఆ స్థలం వాళ్ళతో మాట్లాడతాను" అంది.